భాగం - 6 : ఛాయాచిత్రంలో ఎవరున్నారు? – ఫోటోగ్రఫీ చరిత్రపై విమర్శనాత్మక పరిశీలన

6.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• ఫోటోగ్రఫీ సాంకేతిక చరిత్రలోని ముఖ్య దశలను క్రమంగా చెప్పగలుగుతారు.
• ప్రతి సాంకేతిక మార్పు ఫోటోలో ఎవరు, ఎలా కనిపించాలో నిర్ణయించిన తీరును వివరించగలుగుతారు.
• ‘ఫోటోగ్రఫీ కళేనా?’ అన్న పాత వాదాన్ని, దాని పరిమితులను చర్చించగలుగుతారు.
• ఒక ఫోటోను విమర్శకుని దృష్టితో స్వయంగా పరిశీలించగలుగుతారు.

6.1 పరిచయం

ఫోటోగ్రఫీ చరిత్రను చెప్పే పుస్తకాలు సాధారణంగా రెండు దారుల్లో నడుస్తాయి. మొదటి దారి యంత్రాలది. ఏ సంవత్సరంలో ఏ పలక వచ్చింది, ఏ రసాయనం వాడారు, ఏ కెమెరా అమ్ముడైంది అని ఆ పుస్తకాలు చెబుతాయి. రెండవ దారి కళాకారులది. ఎవరు ఏ శైలిని తెచ్చారు, ఎవరు ఎవరిని ప్రభావితం చేశారు అని వివరిస్తాయి. ఈ రెండూ అవసరమే. మీరు రెండూ చదవాలి. అయితే ఈ రెండు దారుల మధ్య ఒక ప్రశ్న జారిపోతుంది. ఫోటోలో ఉన్న మనిషి సంగతేమిటి?

ఈ భాగంలో నేను చేసే వాదం ఇది. ఒక ఫోటోలో ఎవరు కనిపిస్తారో మూడు అంశాలు నిర్ణయిస్తాయి. మొదటిది, ఆ కాలపు సాంకేతికత దేనిని చూడగలదన్నది. రెండవది, ఫోటో తీసినవారి ఎంపిక. మూడవది, ఆ ఫోటో ఎవరి చేతుల్లోకి వెళ్లిందన్నది. ఈ మూడింటినీ పక్కన పెట్టి ‘ఫోటో అందంగా ఉంది’ అనడం సగం విమర్శే అవుతుంది. ఈ వాదాన్ని మీరు ఒప్పుకోవాలని లేదు. ఉదాహరణలతో సరిచూసుకొని తరువాత నిర్ణయించుకోండి.

6.2 తొలి పలకలు: కదిలినవారు కనిపించలేదు

ఈనాటికి మిగిలిన తొలి కెమెరా చిత్రం ఫ్రాన్స్‌లోనిది. 1826 లేదా 1827లో నిసెఫోర్ నియెప్స్ తన గ్రామీణ నివాసంలోని పై కిటికీ నుంచి దానిని తీశాడు. తగరం ప్రధానంగా ఉన్న లోహపు పలక మీద ఒక రకమైన తారును పూసి కెమెరాలో ఉంచాడు. వెలుగు పడిన చోట తారు గట్టిపడింది. పడని చోట లావెండర్ నూనె కలిసిన ద్రావకంతో కడిగితే కరిగిపోయింది. ఆ పలక ఇప్పుడు అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ఉంది.

తరగతిలో ఈ చిత్రం చూపించినప్పుడు ఒక విద్యార్థి, “సార్, ఇంత మసక ఫోటో చూసి ఏం నేర్చుకోవాలి?” అని అడిగాడు. మంచి ప్రశ్నే. నేను చూడమన్నది గోడలను. ఎదురెదురుగా ఉన్న రెండు గోడల మీదా ఎండ పడినట్లు ఉంటుంది. ఏ ఒక్క క్షణంలోనూ అలా జరగదు. పలకను చాలా గంటలు, బహుశా రోజులు, వెలుగులో ఉంచడం వల్ల ఉదయపు ఎండ, సాయంత్రపు ఎండ రెండూ ఒకే చిత్రంలోకి వచ్చాయి. ‘ఫోటో ఒక క్షణాన్ని పట్టుకుంటుంది’ అని మనం తరచు అంటాం. మొట్టమొదటి ఫోటోయే ఆ మాటను నిలబడనివ్వదు.

నియెప్స్‌తో కలిసి పనిచేసిన లూయీ డాగేర్, అతని మరణానంతరం వేరే పద్ధతిని సాధించాడు. వెండి పూత పూసిన రాగి రేకుకు అయోడిన్ ఆవిరి పట్టించి, కెమెరాలో ఉంచి, పాదరసపు ఆవిరితో చిత్రాన్ని బయటికి తెచ్చాడు. 1839 జనవరి 7న పారిస్‌లోని విజ్ఞాన అకాడమీలో ఆరగో దీనిని ప్రకటించాడు. ఆగస్టు 19న పద్ధతి మొత్తం బహిరంగపరిచారు. ప్రభుత్వం డాగేర్‌కూ నియెప్స్ కుమారునికీ పింఛను ఇచ్చింది.

డాగేర్ 1838లో తీసిన పారిస్ వీధి చిత్రం ‘బులవార్ ద్యు తాంప్ల్’ను జాగ్రత్తగా చూడండి. అది రద్దీ వీధి. చిత్రంలో మాత్రం బండ్లు లేవు, గుర్రాలు లేవు, జనం లేరు. పలకను కొన్ని నిమిషాలు వెలుగులో ఉంచవలసి రావడంతో కదిలినవేవీ నమోదు కాలేదు. ఒక మూల ఒక వ్యక్తి కాలు ఎత్తిపెట్టి బూట్లు తుడిపించుకుంటున్నాడు. కదలకుండా నిలబడ్డాడు గనుక ఫోటోలో నిలిచాడు. ఫోటోలో కనిపించిన తొలి మనిషిగా అతనిని చాలా పుస్తకాలు పేర్కొంటాయి.

కానీ అక్కడ ఇంకొకరు ఉన్నారు. బూట్లు తుడుస్తున్న మనిషి. అతను పనిచేస్తూ కదులుతున్నాడు కాబట్టి మసక మరకలా మిగిలాడు. ఇది డాగేర్ పక్షపాతం కాదు, పలక మందకొడితనం. అయినా ఫలితం మాత్రం సామాజికమైనదే. నిలబడే తీరిక ఉన్నవాడు కనిపించాడు, పనిచేసేవాడు చెదిరిపోయాడు. ఈ భాగం మొత్తానికి ఈ చిత్రాన్ని గుర్తుంచుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
1. నియెప్స్ చిత్రంలో ఎదురెదురు గోడల మీద ఎండ ఎందుకు కనిపిస్తుంది?
2. డాగేర్ వీధి చిత్రం ఖాళీగా ఉండటానికి కారణం ఏమిటి?

6.3 ఒక్క ప్రతి నుంచి అనేక ప్రతులకు

ఫోటోగ్రఫీకి ఒకే జన్మస్థలం లేదు. బ్రెజిల్‌లో స్థిరపడిన ఎర్క్యూల్ ఫ్లోరాన్స్ 1830లలోనే వెలుగుతో కాగితం మీద ప్రతులు తీసే ప్రయోగాలు చేశాడు. ఇంగ్లండులో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ 1835లో తన ఇంటి కిటికీని కాగితపు నెగెటివ్ మీద తీశాడు. 1841లో తన మెరుగైన పద్ధతికి పేటెంట్ పొందాడు. చిత్రం చెరిగిపోకుండా నిలిపే ‘హైపో’ ఉపయోగాన్ని జాన్ హెర్షెల్ చెప్పాడు. నెగెటివ్, పాజిటివ్ అన్న మాటలను ఈ రంగంలోకి తెచ్చినవాడూ అతనే. 1843లో అన్నా అట్కిన్స్, హెర్షెల్ కనిపెట్టిన నీలి ముద్రణ పద్ధతితో సముద్రపు నాచు మొక్కల చిత్రాల పుస్తకాన్ని విడతలుగా వెలువరించడం మొదలుపెట్టింది. ఆమె కెమెరా వాడలేదు. మొక్కను కాగితం మీద పరిచి ఎండలో పెట్టింది.

డాగేర్ పలకకు ప్రతి ఉండదు. అది ఒక నగ వంటిది, పెట్టెలో దాచుకునేది. టాల్బట్ నెగెటివ్ నుంచి ఎన్ని ప్రతులైనా తీయవచ్చు. వివరాల స్పష్టతలో డాగేర్ పద్ధతి గెలిచింది. చరిత్రలో నెగెటివ్ గెలిచింది. ప్రతులు తీయగలిగిన రోజునే ఫోటో, అందులోని మనిషిని విడిచి ప్రయాణించడం మొదలుపెట్టింది. మన మూడవ ప్రశ్న, ఫోటో ఎవరి చేతుల్లోకి వెళ్లిందన్నది, ఇక్కడే పుడుతుంది.

1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ గాజు పలక మీద కొలోడియన్ పద్ధతిని ప్రకటించాడు. పేటెంట్ తీసుకోలేదు. 1857లో పేదవాడిగా మరణించాడు. ఈ పద్ధతి రెండు గుణాలనూ కలిపింది. డాగేర్ పలక స్పష్టత ఉంది, ప్రతులూ వస్తాయి. కష్టం ఏమిటంటే పలక తడిగా ఉండగానే రసాయనం పూయడం, ఫోటో తీయడం, కడగడం అన్నీ పూర్తికావాలి. వేడి దేశాల్లో పలక ఇంకా త్వరగా ఆరిపోతుంది. చీకటి గుడారం, గాజు పలకలు, రసాయనాల సీసాలు, వాటిని మోసే మనుషులు వెంట ఉండాలి. ఇంత సరంజామా ఎవరి దగ్గర ఉంటుంది? సైన్యం దగ్గర, సర్వే శాఖల దగ్గర, సంపన్నుల దగ్గర, వారికోసం పనిచేసే స్టూడియోల దగ్గర. 19వ శతాబ్దపు వలస దేశాల ఫోటోలు ఎక్కువగా కోటలు, కట్టడాలు, దర్బారులు, యుద్ధభూములు కావడానికి ఇదొక ముఖ్య కారణం.

6.4 ‘కళేనా?’ అన్న ప్రశ్న – దాని లోటు

1859లో ఫ్రెంచి కవి బోద్‌లేర్ ఫోటోగ్రఫీని తీవ్రంగా విమర్శించాడు. అది శాస్త్రాలకూ కళలకూ సేవకురాలిగా ఉండాలే తప్ప కల్పన స్థానంలోకి రాకూడదని అతని వాదం. యంత్రం నకలు తీస్తుంది, కళాకారుడు సృష్టిస్తాడన్న భావన దీని వెనుక ఉంది.

దీనికి ఆచరణలో బదులిచ్చినవారిలో జూలియా మార్గరెట్ కామెరాన్ ముఖ్యురాలు. ఆమె 1815లో కలకత్తాలో జన్మించింది. 48వ ఏట కెమెరా చేతికి వచ్చింది. ఉద్దేశపూర్వకంగా మసకగా, ముఖానికి దగ్గరగా తీసింది. ఆనాటి నిపుణులు దానిని పనితనం లోపం అన్నారు. నా దృష్టిలో అది ఎంపిక. ఏది స్పష్టంగా ఉండాలి, ఏది ఉండకూడదు అన్నది యంత్రానికి వదలకుండా తానే నిర్ణయించింది. కళ అంటే ఇదే అయితే, బోద్‌లేర్‌కు జవాబు దొరికినట్లే.

తరువాత పిక్టోరియలిస్టులు ఫోటోను చిత్రలేఖనంలా కనిపించేటట్లు చేయడానికి శ్రమించారు. అమెరికాలో ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ ఆ ఉద్యమాన్ని నడిపించాడు. 1907లో అతడే ఓడ దిగువ తరగతి ప్రయాణికులను నేరుగా, అలంకరణ లేకుండా తీశాడు. ‘ద స్టీరేజ్’ అన్న ఆ ఫోటోలో అడ్డంగా వెళ్లే వంతెన, మెట్లు, గుండ్రని టోపీ ఒక బలమైన నిర్మాణాన్ని ఇస్తాయి. ఫోటో తన సొంత లక్షణాలతోనే కళ కాగలదని అది రుజువు చేసింది.

అయితే ఈ వాదం మొత్తం ఫోటో తీసినవారి గురించే. స్టీగ్లిట్జ్ కూడా తనను ఆకర్షించినవి ఆకారాలు, వాటి అమరిక అనే చెప్పుకున్నాడు. ఆ ఓడలోని మనుషులు ఎవరో ఫోటో చెప్పదు. కామెరాన్ తన ఇంటి పనిమనిషి మేరీ హిలియర్‌ను పలుమార్లు మేరీ మాతగా కూర్చోబెట్టి తీసింది. కనీసం ఆ పనిమనిషి పేరు మనకు మిగిలింది. చివరి సంవత్సరాల్లో సిలోన్‌లో ఆమె తీసిన స్థానికుల, తోట కూలీల ఫోటోలలో చాలామందికి పేర్లే లేవు. తీసిన చేయి ఒకటే, కళ ఒకటే. పేరు రాసుకోవడంలో మాత్రం తేడా వచ్చింది. ‘కళేనా?’ అన్న ప్రశ్న ఈ తేడాను చూపించలేదు.

6.5 మన నేల మీద రెండు కెమెరాలు

ఇప్పుడు మనకు దగ్గరి ఉదాహరణలు రెండు చూద్దాం.

1876–78 మధ్య మద్రాసు ప్రెసిడెన్సీలో ఘోరమైన కరవు వచ్చింది. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. ధాత నామ సంవత్సరంలో వచ్చింది గనుక దీనిని ధాత కరువు అన్నారు. మద్రాసు సైన్యంలోని అధికారి విలోబీ వాలెస్ హూపర్ ఆ కరవు బాధితులను ఫోటోలు తీశాడు. ఎముకల గూళ్లవంటి స్త్రీలు, పురుషులు, పిల్లలు వరుసగా కూర్చొని లేదా నిలబడి ఉంటారు. వారిని కుటుంబ ఫోటోకు కూర్చోబెట్టినట్లు కూర్చోబెట్టారు. మన మనసును ఎక్కువగా కలచేది ఈ క్రమమే. ఆకలితో చచ్చిపోతున్న మనిషిని కదలవద్దని చెప్పి ఉంటారు కదా అన్న ఆలోచన వస్తుంది. ఫోటో తీసుకొని సాయం చేయకుండా పంపేశాడన్న విమర్శ హూపర్ మీద ఉంది. పదేళ్ల తరువాత మాండలేలో మరణదండనల సమయంలో ఫోటోలు తీసినందుకు అతనిపై విచారణ కూడా జరిగింది.

అయినా ఒక చిక్కు ప్రశ్న మిగులుతుంది. ఈ ఫోటోలు లేకపోతే ఆ కరవు మనకు అంకెలుగా మాత్రమే తెలిసేది. తీసిన తీరు తప్పు, మిగిలిన సాక్ష్యం విలువైనది. ఈ రెండు వాక్యాలనూ కలిపి పట్టుకోవడం విమర్శకునికి అవసరం. ఒకదానికోసం రెండవదాన్ని వదలకండి.

రెండవ ఉదాహరణ లాలా దీన్‌దయాళ్. 1844లో మీరట్ సమీపంలోని సర్ధనాలో జన్మించాడు. రూర్కీలో ఇంజినీరింగు చదివి, ఇండోరులో ఉద్యోగం చేస్తూ ఫోటోగ్రఫీ నేర్చుకున్నాడు. తరువాత ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యాడు. నిజాం అతనికి ‘రాజా’ బిరుదు ఇచ్చాడు. సికింద్రాబాదులో స్టూడియో నడిపాడు. 1892లో హైదరాబాదులో పరదా పాటించే స్త్రీలకోసం ఒక ఆంగ్ల మహిళ ఆధ్వర్యంలో ప్రత్యేక స్టూడియో తెరిచాడు. 1905లో మరణించాడు.

దీన్‌దయాళ్ ఫోటోలలో రాజసం కనిపిస్తుంది. ప్యాలెస్‌లు, వేట శిబిరాలు, సైనిక విన్యాసాలు అచ్చంగా గీతలు గీసినట్లు ఉంటాయి. ఇంజినీరు కన్ను అందులో తెలుస్తుంది. అయితే అవి ఎవరి డబ్బుతో తీసినవో వారినే గొప్పగా చూపిస్తాయి. వేట ఫోటోలో పులి పక్కన నిలబడినవారి పేర్లు ఉంటాయి. పులిని తరిమిన మనుషులు అంచుల్లో ఉంటారు. మరోవైపు ఆ జనానా స్టూడియోను చూడండి. తన ఫోటో ఎలా ఉండాలో, ఎవరు తీయాలో ఆ స్త్రీలు షరతు పెట్టగలిగారు. హూపర్ ముందు కూర్చున్నవారికి ఆ వీలు లేదు. కెమెరా ముందు కూర్చున్నవారికి ‘కాదు’ అనే హక్కు ఉందా లేదా అన్నది ఒక ఫోటోను అంచనా వేయడంలో ముఖ్యమైన కొలమానమని నా అభిప్రాయం.

6.6 ఒక ఫోటో పఠనం: ‘వలస తల్లి’

1936 మార్చిలో డొరొతియా లాంజ్ అమెరికా ప్రభుత్వ సంస్థ తరఫున కాలిఫోర్నియాలో తిరుగుతోంది. నిపోమో దగ్గర బఠాణీ కోత కూలీల శిబిరంలో ఒక తల్లిని, పిల్లలను కొద్ది నిమిషాల్లో పలుమార్లు ఫోటో తీసింది. మొదటి వాటిలో గుడారం, సామాన్లు, కూర్చున్న పెద్దమ్మాయి కనిపిస్తారు. ఒక్కో ఫోటోకూ దగ్గరగా జరిగింది. చివరిదానిలో గుడారం దాదాపు లేదు. తల్లి చేయి చెంప దగ్గర ఉంది. చెరోవైపు పిల్లలు ముఖాలు దాచుకున్నారు. ఒడిలో పసిబిడ్డ ఉంది.

ఈ ఎంపిక వల్ల ఏం జరిగింది? చోటు పోయింది, ముఖం మిగిలింది. పిల్లలు అటు తిరగడంతో మన చూపు తల్లి కళ్ల దగ్గరే ఆగుతుంది. మేరీ మాత చిత్రాలతో పెరిగిన ప్రేక్షకులకు ఆ కూర్పు వెంటనే పరిచయమైనదిగా తోచింది. ఫోటో మూల నుంచి కనిపించే బొటనవేలిని కూడా తరువాత నెగెటివ్ మీద చెరిపేశారు. సాక్ష్యంగా తీసిన ఫోటోను కళాఖండంగా సరిదిద్దారన్నమాట.

ఫోటోలకు ఫలం దక్కింది. అవి పత్రికలో రాగానే శిబిరానికి సుమారు 20,000 పౌండ్ల ఆహారం వెళ్లింది. కానీ అప్పటికే ఆ కుటుంబం వేరే చోటికి వెళ్లిపోయింది. లాంజ్ ఆమె పేరు అడగలేదు. 1978లో గాని ఆమె ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలియలేదు. ఆమె చెరోకీ వంశీయురాలు. దశాబ్దాలపాటు తెల్లజాతి పేద తల్లికి ప్రతీకగా చూసిన ఫోటోలోని స్త్రీ ఆమె. తనకు దానివల్ల డబ్బేమీ రాలేదని, ఆ ఫోటో తీయకపోతేనే బాగుండేదని ఆమె బాధపడింది. లాంజ్ చెప్పిన కొన్ని వివరాలు నిజం కావని కుటుంబం అన్నది.

ఇది చెడ్డ ఫోటో అని నేను అనను. 20వ శతాబ్దపు గొప్ప ఫోటోలలో ఇది ఒకటి. లాంజ్‌కు సానుభూతి ఉంది, ఉద్దేశం మంచిది. అయినా డాగేర్ వీధిలో బూట్లు తుడిచిన మనిషిని పలక చెరిపినట్లే, ఇక్కడ ఒక స్త్రీ చరిత్రను కూర్పు చెరిపింది. మొదటిసారి యంత్రం చేసింది. రెండవసారి కళ చేసింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2
1. కొలోడియన్ పద్ధతి వలస దేశాల ఫోటోల విషయాన్ని ఎలా ప్రభావితం చేసింది?
2. లాంజ్ ఒక్కో ఫోటోకూ దగ్గరికి జరగడం వల్ల వచ్చిన లాభనష్టాలు రాయండి.

6.7 అందరి చేతికీ కెమెరా

1871లో రిచర్డ్ మడాక్స్ జెలటిన్ పూతను ప్రతిపాదించడంతో పొడి పలకలకు దారి ఏర్పడింది. 1888లో జార్జ్ ఈస్ట్‌మన్ 100 ఫోటోలు తీయగల కొడాక్ కెమెరాను 25 డాలర్లకు అమ్మాడు. ఫిల్మ్ అయిపోగానే కెమెరాను కంపెనీకి పంపితే చాలు. రసాయనాలు తెలియని మనిషి కూడా ఫోటో తీయగలిగాడు. 1975లో అదే కంపెనీలో స్టీవెన్ సాసన్ 10,000 బిందువుల తొలి డిజిటల్ కెమెరా నమూనాను తయారుచేశాడు. ఒక్క చిత్రం నమోదుకు 23 సెకన్లు పట్టింది.

కెమెరా అందరికీ అందడంతో అందరూ సమానంగా కనిపించారా? లేదు. కలర్ ఫిల్మ్ ల్యాబుల్లో రంగులు సరిచూసేందుకు వాడిన నమూనా కార్డుల మీద దశాబ్దాలపాటు తెల్లజాతి యువతి ఫోటోయే ఉండేది. ఆమె చర్మం సరిగా వస్తే అంతా సరిగా వచ్చినట్లు లెక్క. నల్లని ముఖాలు వివరం లేకుండా ముద్దగా వచ్చేవి. వేర్వేరు చర్మపు రంగుల మనుషులున్న కార్డులు చాలా ఆలస్యంగా వచ్చాయి. పెళ్లి ఆల్బంలో తన ముఖం నల్లగా వచ్చిందని బాధపడిన అమ్మాయిలు మన ఇళ్లలోనూ ఉన్నారు. తప్పు తమ రంగుది అనుకున్నారు. కొలమానంలోనూ తప్పు ఉండవచ్చని వారికి ఎవరూ చెప్పలేదు.

6.8 మీరు చేయవలసిన పని

మా ఇంట్లో మా నాయనమ్మ ఉన్న ఫోటో ఒక్కటే ఉంది. ఎవరిదో పెళ్లిలో తీసిన గ్రూపు ఫోటో. చివర నిలబడిన ఆమె, ఏ పిల్లవాడో ఏడిస్తే కాబోలు, తల అటు తిప్పింది. ముఖం చెదిరిపోయింది. చిన్నప్పుడు అది పాడైన ఫోటో అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఆమె బతుకంతటికీ అదే సరైన సాక్ష్యమనిపిస్తుంది. అందరూ కెమెరాను చూస్తుంటే ఆమె పిల్లవాడిని చూసింది.

మీ ఇంట్లోనూ ఒక పాత ఫోటో ఉంటుంది. దానిని తీసుకొని ఈ ప్రశ్నలు వేయండి. మధ్యలో ఎవరున్నారు, అంచున ఎవరున్నారు? ఎవరి పేర్లు మీకు తెలుసు, ఎవరివి తెలియవు? ఆనాటి కెమెరా, ఫిల్మ్ ఎవరిని సరిగా చూడలేకపోయాయి? తీయమన్నది ఎవరు, డబ్బు ఇచ్చింది ఎవరు? జవాబులు తెలిసిన పెద్దలు ఇంట్లో ఉంటే ఈ వారమే అడిగి, ఫోటో వెనుక పెన్సిలుతో పేర్లు రాయండి. ఈ భాగంలో అన్నిటికంటే ముఖ్యమైన అభ్యాసం ఇదే.

6.9 సారాంశం

నియెప్స్, డాగేర్, టాల్బట్, ఆర్చర్, ఈస్ట్‌మన్‌ల వరుసలో వచ్చిన ప్రతి మార్పు ఫోటోలో ఎవరు కనిపించగలరో మార్చింది. ‘ఫోటోగ్రఫీ కళేనా?’ అన్న వాదం ఫోటో తీసినవారికి గౌరవం తెచ్చింది గాని, ఫోటోలో ఉన్నవారిని మరచింది. హూపర్, దీన్‌దయాళ్, లాంజ్ ఉదాహరణలు సాంకేతికత, ఎంపిక, ఫోటో ప్రయాణం అనే మూడు అంశాలను కలిపి చూడవలసిన అవసరాన్ని తెలుపుతాయి. అందాన్ని గుర్తించడం, అన్యాయాన్ని గుర్తించడం ఒకదానికొకటి అడ్డం కావు.

6.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. సాంకేతికత ఫోటోలోని మనుషుల ఉనికిని ఎలా నిర్ణయించిందో ఉదాహరణలతో చర్చించండి.
2. ‘వలస తల్లి’ ఫోటోపై ఈ రచయిత అభిప్రాయాన్ని విమర్శించండి. మీరు అంగీకరించకపోతే కారణాలు చూపండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. డాగేర్, టాల్బట్ పద్ధతుల మధ్య తేడాలు తెలపండి.
2. హూపర్ కరవు ఫోటోలను సాక్ష్యంగా ఎలా స్వీకరించాలి?
3. మీ ఇంటిలోని ఒక పాత ఫోటోను 6.8లోని ప్రశ్నల ఆధారంగా సమీక్షించండి.